ఈశాన్యం మూల ఈత తొట్టి

1986 ఏప్రిల్ 17, గురువారం. గుంటూరు శివారు, ఏటుకూరు వైపు. ఇల్లు చూడటానికి హాజరైనవారు: నేను, నా భార్య, మా అమ్మాయి, మా మావగారు, బ్రోకరు, ఇంటి యజమాని.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. కాలువల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. సైటు తనిఖీకి వెళ్తే ఎవరెవరు వచ్చారో ముందు రాసి, ఆ తర్వాతే చూసింది రాయడం మా ఆఫీసు పద్ధతి. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ అలవాటు ఇంటి డైరీకీ అంటుకుంది. మా పెళ్లిచూపుల పేజీలో కూడా హాజరైనవారు ఫలానా అని రాసి ఉందని నా భార్య ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తూ ఉంటుంది. డైరీలో పేర్లున్నాయి గానీ ఇక్కడ అవి అక్కర్లేదు. వరసలు చాలు.

అద్దంకి నుంచి నాకు గుంటూరు బదిలీ అయింది. అప్పటిదాకా ఉన్నవన్నీ అద్దె ఇళ్లే. ఈసారి సొంత ఇల్లు కొనాలనుకోవడానికి కారణం మా అమ్మాయి. దానికి అప్పుడు పదేళ్లు. ఐదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ఇనప కడ్డీల బూటు వేసుకుని నడిచేది. అంతకు ముందు చలికాలంలో కొత్తపేటలో ఎముకల డాక్టరుకి చూపించాం. ఆయన కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎదిగే వయసు. ఈ రెండు మూడేళ్లూ కాలికి, నడుముకి పని చెబితే కండ పడుతుంది, వెన్ను వంకర తిరగదు. ఆ తర్వాత ఎంత చేసినా ఇంత ఫలితం ఉండదు. రోజూ ఈత లాంటిది ఉంటే అంతకంటే మంచిది లేదు" అన్నారు.

ఈత అనే మాట మా ఇంట్లో తిష్ఠ వేసింది. నా భార్య ప్రత్తిపాడు రైతు ఇంటి పిల్ల. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆమె వీపుకి బెండ్లు కట్టి పొలం బావిలోకి తోసేసి నేర్పించారు. నాకు ఈత రాదు. కాలువల బొమ్మలు గీయడమే తప్ప ఏ కాలువలోనూ మోకాలి బంటి దాటి దిగినవాణ్ణి కాదు. అందుకని ఈత విషయంలో ఇంట్లో పెత్తనం ఆవిడదే.

నా ఆలోచనంతా చదువు మీద. అద్దంకి బడిలో దాని నడకని అనుకరించి చూపించే పిల్లలుండేవాళ్లు. అది వాళ్లని పట్టించుకున్నట్టు కనిపించేది కాదు. పుస్తకం తీస్తే ఇక తల ఎత్తేది కాదు. మంచి హైస్కూలు ఒకటి దగ్గర్లో దొరికితే చాలని నా ఆశ.

"చదువుకుంటే తన కాళ్ల మీద తను నిలబడుతుంది" అన్నాను ఒకరోజు.

"ముందు ఆ కాలిని నిలబడనివ్వండి" అంది నా భార్య.



ఇంటి కోసం ఆమెకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం చెక్క అమ్మేశాం. ఆ డబ్బుతో ఇల్లు ఒక్కసారే కొనగలం. తప్పు ఇల్లు కొంటే మళ్లీ మార్చుకునే స్తోమత లేదు. బ్రోకరు రెండు ఇళ్లు చెప్పాడు. రెంటి ధరా ఇంచుమించు ఒకటే. ఒకటి పాత గుంటూరు చివర ఆడపిల్లల హైస్కూలుకి రెండు వీధుల దూరంలో ఉన్న చిన్న ఇల్లు. రెండోది శివారులో కొత్తగా వేసిన కాలనీలో ఉంది.

"దీంట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది సార్. గుంటూరు మొత్తం మీద ఇళ్లల్లో ఎన్ని ఉంటాయి మీరే చెప్పండి. పైగా ఇంటి వెనకాలే కాన్వెంటు. ఇది చూశాక రెండోది చూపించమని మీరే అడగరు" అన్నాడు.

నా భార్యకి పూల్ అన్న మాట, నాకు కాన్వెంటు అన్న మాట చెవినబడ్డాయి. అందుకే ముందు అక్కడికే వెళ్లాం. గురువారం మంచిదని మావగారు ముందే చెప్పి, పొద్దున్నే ప్రత్తిపాడు నుంచి బస్సెక్కి వచ్చారు. రాహుకాలం రాకముందే బయానా ఇచ్చేయాలన్నది ఆయన పట్టుదల.

కాలనీ అంటే ఇంకా కాలనీ రూపం రాలేదు. మొన్నటిదాకా మిరప తోటలే. ఇంటికీ ఇంటికీ మధ్య కల్లాల్లో కాయలు ఎర్రగా ఎండుతున్నాయి. పీకేసిన పత్తి కట్టె గుట్టలు గుట్టలుగా పడి ఉంది. ఇల్లు మాత్రం బాగుంది. మూడు గదులు, వసారా, చుట్టూ ఎత్తైన ప్రహరీ. యజమాని పత్తి వ్యాపారం చేసే మనిషి. లావుగా, నవ్వుముఖంతో ఎదురొచ్చి, ఇల్లు తర్వాత చూద్దురుగాని రమ్మని మమ్మల్ని నేరుగా పెరట్లోకి తీసుకెళ్లాడు.

"ఇదండీ మా స్విమ్మింగ్ పూలు."

పెరటి మూలన నీలం పలకలు పరిచిన చదరపు తొట్టి, అంచుల దాకా నీళ్లు. ఆ ఎండలో, ఆ దుమ్ములో అంత నీలం చూసేసరికి నేనూ గబగబా అంచు దాకా నడిచాను. మావగారు మాత్రం నీళ్లు చూడలేదు. సూర్యుణ్ణి చూశారు, ఇంటి మూల చూశారు, కండువాతో మెడ తుడుచుకున్నారు.

"ఇది ఈశాన్యమే కదండీ?"

"దిక్సూచి పెట్టి చూపించానండీ. వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు యజమాని, ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు. "ఈశాన్యంలో నీళ్లుండాలి, ఎంత పల్లమైతే అంత మంచిది అన్నాడు వాస్తు చూసినాయన. బావి తవ్విద్దామనుకున్నా. మా పిల్లలు, బావేంటి నాన్నా పాతకాలంలాగా, స్విమ్మింగ్ పూల్ కట్టించు అన్నారు. రెండూ నీళ్లే కదా అని ఇట్లా కానిచ్చా."

"పిల్లలు బాగా ఈదుతారా?" అంది నా భార్య.

"ఎవరూ దిగరమ్మా. భయం."

మావగారు తొట్టి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు ఒక చుట్టు తిరిగి వచ్చారు. "ఇంత మంచి ఈశాన్యం పెట్టుకుని అమ్మడం ఎందుకండీ మరి?"

"బాగా కలిసొచ్చిందండీ. అందుకే హైదరాబాదు పోతున్నా. అక్కడ ఇంతకంటే పెద్ద ఈశాన్యం ఉన్న స్థలం కొన్నా."

మావగారు తృప్తిగా తల ఊపారు. ఆయన దృష్టిలో ఇల్లు అప్పుడే మాదైపోయింది.

నా భార్య అంచున కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టింది. పెళ్లయ్యాక బావిలో దిగిందే లేదు. ఆమె ముఖం చూస్తే నాకు వద్దనాలనిపించలేదు.

"ఏమండీ, పెరట్లోనే నీళ్లు! తెల్లారుతూనే దాన్ని తీసుకుని దిగుతా. గోడ ఎత్తుగా ఉంది, ఎవరూ చూడరు. పనులు మొదలయ్యేలోపు బయటికొచ్చేస్తాం."

మా అమ్మాయి అప్పటికే బూటు కాలు చాపుకుని అంచున కూర్చుని నీళ్లలోకి తొంగి చూస్తోంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"నాన్నా, దీంట్లో నేను ఎక్కడ నిలబడాలి?"

ఎవరం ఆ సంగతి ఆలోచించలేదు. బట్టలు ఆరేసే వెదురు గడ ఒకటి గోడకి ఆనించి ఉంది. తీసుకొచ్చి నీళ్లలో దించాను. దిగుతూనే ఉంది. నా మణికట్టు తడిసింది, మోచెయ్యి తడిసింది, అడుగు తగల్లేదు. ఇంకో మూల చూశాను. అక్కడా అంతే. నాలుగు వైపులా ఒకటే లోతు. దిగడానికి ఒక గోడకి ఇనప కడ్డీలు నిలువు వరసలో దిగ్గొట్టి ఉన్నాయి, బావికి ఉన్నట్టు.

పల్లమైతే మంచిదన్నారని ఆయన తవ్వించుకుంటూ పోయాడు. దాని పైన నీలం పలకలు అతికించాడు. అది పూల్ వేషం వేసుకున్న బావి.

"నీళ్లు సగమే నింపుకుంటే?" అంది నా భార్య.

"అప్పుడు సగం లోతు దాకా ఈ కడ్డీలు పట్టుకుని దిగాలి, ఎక్కాలి. ఎడమ కాలుతో అది కడ్డీ ఎక్కగలదా?"

ఆమె కూతురి కాలి వంక చూసింది. నాకు ఒక ఉపాయం తోచింది. పత్తి కట్టె పుల్ల తీసుకుని నేల మీద గీసి చూపించాను. ఈ పక్క మూడో వంతు రాళ్లూ మట్టీ పోసి పైకి తెచ్చి, సిమెంటు చేసి, వెడల్పాటి మెట్లు పెడితే పిల్ల నడుచుకుంటూ దిగొచ్చు. ఆఫీసులో ఇలాంటివి బోలెడు గీశాను. బొమ్మ బాగానే వచ్చిందని నేను మురిసిపోతుండగా, యజమానీ మావగారూ ఒకేసారి అరిచినంత పని చేశారు.

"ఈశాన్యం పూడుస్తారా!"

"పూడ్చడం కాదండీ, కొంచెం మెరక..."

"మెరకంటే పూడ్చడం కాదా?" అన్నారు మావగారు. "ఏ మూల ఎత్తైనా ఫర్వాలేదు గానీ ఈ మూల ఎత్తు చేస్తే ఇంకేమైనా ఉందా? నేను బతికుండగా జరగదు అల్లుడుగారూ."

యజమాని ముఖంలో నవ్వు పోయింది. "నాకు కలిసొచ్చిన మూల సార్ ఇది. మీరు పూడుస్తానంటే నేను బయానా తీసుకోను. రేపు మీకేమైనా జరిగితే ఆ పాపం నాకెందుకు?"

బ్రోకరు నా చెవి దగ్గరికొచ్చాడు. "ఇప్పుడేమీ అనకండి సార్. బయానా ఇచ్చేయండి, రిజిస్ట్రేషనయ్యాక మీ ఇల్లు మీ ఇష్టం."

అతను గుసగుసలాడటంలో అంత నేర్పరి కాదు. అందరికీ వినపడింది. "చూశారా, చూశారా" అన్నాడు యజమాని.

నా భార్యకి కోపం వచ్చింది. వాళ్ల నాన్న మీద.

"నీకు పిల్ల కాలు కంటే మూల ఎక్కువైందా నాన్నా?"

"పిల్ల కోసమే చెబుతున్నానే తల్లీ."

"అయితే ఎవరూ ఏమీ పూడ్చొద్దు. నేనే బెండ్లు కట్టి దించుతా. నాకు నువ్వు నేర్పించలేదూ?"

"నువ్వు రెండు కాళ్లతో తన్నావే" అన్నారు మావగారు, మెల్లగా.

నేనూ అందుకున్నాను. నువ్వు జ్వరంతో పడుకున్న రోజు దాన్ని ఎవరు దించుతారు, నాకు ఈత రాదు కదా అన్నాను. మధ్యాహ్నం నువ్వు నిద్రపోతుండగా అది ఒక్కతే పెరట్లోకి వెళ్తే? ఆమెకి ఇదంతా తెలియక కాదు. తెలిసినా ఆ నీలం నీళ్లు వదులుకోలేకపోయింది. "అయితే దాని కాలు ఇట్లాగే ఉండిపోవాలా?" అంది.

రేపు ఇంకో బేరం వస్తోందని, పొద్దుపోయేలోగా ఏదో ఒకటి చెప్పమని యజమాని గడువు పెట్టాడు. కనీసం కాన్వెంటైనా చూద్దామని నేను పట్టుబట్టాను. స్కూలు నిజంగా బాగుంటే, ఈ తొట్టికి ఏవో కటకటాలు కట్టించి, ఇల్లు కొని, ఈత సంగతి తర్వాత ఆలోచించవచ్చునని లోపల ఒక ఆశ.

ఈ ప్రాంతంలో కాన్వెంటు అనే మాటకి అర్థం ఏమిటో నాకు తెలిసి ఉండాల్సింది. ఇంగ్లీషు బోర్డు ఉంటే కాన్వెంటే. ఇంటి వెనక సందులో ఉన్నది రేకుల షెడ్డు. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు, పిల్లల బొమ్మ. లోపల ఒక పక్క పిల్లలు, మధ్యలో తడిక, తడిక అవతల మిరపకాయల బస్తాలు. షెడ్డు గలాయన ఏడాది పొడుగునా కాయ నిలవ చేసుకుంటాడట, మిగిలిన సగం స్కూలుకి అద్దెకిచ్చాడు. పిల్లలు పన్నెండో ఎక్కం చెబుతున్నారు, మధ్యమధ్య తుమ్ముతున్నారు. మాస్టారు కూడా తుమ్ముతున్నాడు. అందరూ అలవాటు పడిపోయారు కాబట్టి ఎక్కం ఎక్కడా తెగడం లేదు.

"ఎన్నో తరగతి దాకా ఉందండీ?" అని మాస్టారిని అడిగాను.

"ప్రస్తుతానికి నాలుగు. వచ్చే ఏడు ఐదు పెడతాం సార్" అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ. మంచి కుర్రాడే, కొత్తగా డిగ్రీ పూర్తయినట్టుంది. ఆరో తరగతి ఎప్పుడు పెడతారని అడగడం అనవసరం. అప్పటికి మా అమ్మాయి కాలేజీలో ఉంటుంది.

మా అమ్మాయి అప్పటికే నాలుగు సార్లు తుమ్మింది. "నాన్నా, ఇక్కడ చదివితే పచ్చడి వేసుకోకుండానే అన్నం తినొచ్చు" అంది. ఆ పూట మేం నవ్వడం అదే మొదలు. నా భార్య కూడా నవ్వింది గానీ, నవ్వుతూనే పమిటతో కళ్లు ఒత్తుకుంది. మిరప ఘాటేనేమో అనుకున్నట్టు నటించాను.

రెండు రిక్షాల్లో పాత ఊరి వైపు వెళ్లాం. దారిలో భోజనం చేశాం. రాహుకాలం వచ్చేసింది కాబట్టి అది పోయేదాకా ఏ ఇల్లూ చూడొద్దని మావగారు అన్నారు. "స్కూలు చూడొచ్చా?" అని అడిగాను. ఆలోచించి, స్కూలు చూడటానికి అభ్యంతరం లేదన్నారు.

ఆడపిల్లల హైస్కూలు పాత భవనం. సున్నం కొట్టి చాలా కాలమైంది. అప్పుడే ఏదో పరీక్ష అయినట్టుంది, పిల్లలు ప్రశ్నపత్రాలు పట్టుకుని బయటికి వస్తున్నారు. మేం గేటు దగ్గర ఆగిపోయాం. ఇద్దరు పిల్లలు అరుగు మీద కూర్చుని ఒక లెక్క జవాబు గురించి కొట్లాడుకుంటున్నారు.

"నీ మొహం. అది చదరపు మీటర్లే."

"అయితే కంచె పొడవు చదరపు మీటర్లలో కొంటావా? దుకాణం వాడు నవ్వి చస్తాడు."

మా అమ్మాయి వాళ్ల దగ్గరికి జరిగి ప్రశ్నపత్రంలోకి తొంగి చూసింది. "కంచెకి మీటర్లేగా" అంది. రెండో పిల్ల గెలిచినట్టు చప్పట్లు కొట్టింది. మొదటి పిల్ల మా అమ్మాయి కాలి బూటు చూసింది, ఒక్క క్షణం, తర్వాత మళ్లీ ప్రశ్నపత్రంలోకే చూస్తూ, "సరే, అయితే దీనికి చెప్పు చూద్దాం" అని ఇంకో లెక్క చూపించింది. నాకు ఆ స్కూలు గురించి తెలుసుకోవాల్సింది అక్కడే తెలిసిపోయింది. అయినా పద్ధతి ప్రకారం లోపలికి వెళ్లాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు పెద్దావిడ, ముతక చీర, కళ్లజోడు. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించారు, అర్థం చెప్పించారు, భిన్నాల లెక్క ఒకటి ఇచ్చారు. కాలు గురించి ఒక్క ముక్క అడగలేదు. అంతా అయ్యాక, దిద్దే పేపర్లు పక్కకి జరిపి అడిగారు.

"మెట్లెక్కగలవా?"

"ఎక్కుతానండీ. దిగేటప్పుడే ఆలస్యమవుతుంది."

"ఆరో తరగతి గది పైన ఉంది." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత దూరం వచ్చి మెట్ల దగ్గర ఆగిపోతామా అనుకున్నాను. ఆవిడ మళ్లీ పెట్టుకుని, "సరే, జూన్ నుంచి ఆరో తరగతి కిందికి దిగుతుంది. ఎనిమిదో తరగతి వాళ్లు పైకెక్కుతారు. వాళ్లకి కాళ్లు ఊరికే ఉండవు, ఎక్కనీ" అన్నారు.

అంతే. దరఖాస్తు పెట్టమనలేదు, పైవాళ్లని అడగాలనలేదు. నా భార్య లేచి ఆవిడకి దణ్ణం పెట్టింది. బయటికొచ్చాక గేటు దగ్గర ఆగి, "స్కూలు ఇదే. అందులో మాట లేదు" అంది. అంతలోనే ఆమె ముఖం మళ్లీ మసకబారింది. "కాలు సంగతే..."

"డాక్టరుగారినే మళ్లీ అడుగుదాం" అన్నాను. "ఈత లేకపోతే ఎంత నష్టమో ఆయనే చెప్పాలి. మనం అనుకుంటే కాదు."

సాయంత్రం కొత్తపేటలో ఆయన గదిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. పొద్దున నుంచి జరిగిందంతా వరసగా చెప్పాను. వెదురు గడ సంగతి, ఈశాన్యం సంగతి, బయానా సంగతి. ఆయన చేతిలో పెన్ను పెట్టుకుని వింటూ వింటూ చివరికి పెన్ను కింద పెట్టేశారు.

"నేను స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు కొనమన్నానా?"

"ఈత అన్నారు కదండీ" అంది నా భార్య.

"ఈత లాంటిది అన్నానమ్మా. లాంటిది. ఆ ముక్క ఎక్కడ పారేసుకున్నారు?"

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ ముక్క నిజంగానే అన్నారు. మొదటిసారి చూపించిన రోజు రాత్రే నేను డైరీలో కూడా రాశాను. మధ్యలో ఎక్కడో, అద్దంకిలో అందరికీ చెప్పీ చెప్పీ, అరిగిపోయి ఈత ఒక్కటే మిగిలింది.

"ఇక్కడిదాకా నీళ్లు చాలు" అంటూ ఆయన తన పక్కటెముకల దగ్గర చెయ్యి పెట్టి చూపించారు. "నీళ్లు బరువు మోస్తాయి. బూటు తీసేసి అంచు పట్టుకుని అటూ ఇటూ నడవాలి, కాలు ఊపాలి. ఈదడం రావక్కర్లేదు. ఇంత తొట్టి కట్టించండి పెరట్లో, గేదెల తొట్టి అంత. కాకపోతే అడుగు గరుగ్గా ఉండాలి, జారకూడదు. వెడల్పు మెట్లు పెట్టండి. పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి." తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి, "స్కూలు బాగుందా?" అన్నారు.

"కింద గది ఇస్తామన్నారండీ."

"మరింకేం. కాలు బాగయ్యాక చదువు, చదువయ్యాక కాలు అని వంతులు పెట్టకండి. రెండూ ఒకేసారి కానీండి."

బయట మెట్ల మీద నా భార్య కూర్చుండిపోయింది. ఆ తర్వాత లేచి, "ఏమండీ, ఇంతసేపూ మనం దేని కోసం కొట్లాడుకున్నాం?" అంది. చాలా నెలలుగా ఆమె గొంతులో ఉన్న బిగువు ఆ మాటలో లేదు. నాకూ భుజాల మీద నుంచి ఏదో దించినట్టయింది. ఆ రోజంతా పరీక్ష రాసి బయటపడ్డ పిల్లాడిలా ఉన్నాను.

చిన్న ఇల్లు దీపాలు పెట్టే వేళకి చూశాం. రెండు గదులు, వంటిల్లు, పెద్ద పెరడు. నేను పెరట్లో స్థలం చూసుకున్నాను. మావగారు మూలలు చూసుకున్నారు. ఈశాన్యంలో కుళాయి ఉంది. "తొట్టి ఇక్కడే కట్టుకోండి. లోతు మీ డాక్టరు చెప్పినంతే" అన్నారు, ఎంతో ఉదారంగా. శివారు ఇంటి యజమానికి వద్దని చెప్పమని బ్రోకరుతో అన్నాను. అతను నొచ్చుకోలేదు. రెండు ఇళ్లూ అతని చేతిలోవే కదా. ఇల్లుగలావిడకి బయానా ఇచ్చి, రసీదు తీసుకుని, ఆఖరి బస్సుకి అందరం ప్రత్తిపాడు వెళ్లాం.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే పొలానికి కరెంటు వచ్చే వంతు. మిరప కోతలు ఎప్పుడో అయిపోయాయి గానీ, గేదెల మేత కోసం వేసిన పచ్చ జొన్నకి మావగారు నీళ్లు పెట్టాలి. మోటారు పక్కన సిమెంటు తొట్టి ఉంది, నడుము ఎత్తు గోడలు. నేను టేపు, బొగ్గు ముక్క తీసుకుని వెంట వెళ్లాను. కట్టించబోయే తొట్టిలో నీళ్లు ఎక్కడిదాకా ఉండాలో పిల్లని నిలబెట్టి గీసుకుంటే, దాన్ని బట్టి ప్లాను వేయొచ్చని నా ఉద్దేశం. గేదెల్ని కడిగే ఆ తొట్టి అన్నేళ్లుగా మా కళ్లెదుటే ఉంది. ఈత లాంటిదానికి పనికొస్తుందని ఎవరికీ తోచలేదు.

నా భార్య అప్పటికే తెల్లవారుజామున వచ్చి పాత నీళ్లు వదిలేసి, అడుగంతా ఇటుక ముక్కతో రుద్ది పెట్టింది. పురుగుమందు డబ్బాలు ఈ తొట్టి దరిదాపులకి రానివ్వలేదు కదా అని వాళ్ల నాన్నని రెండు సార్లు అడిగింది. "పశువులు తాగే నీళ్లే, నాకు తెలియదా" అని ఆయన విసుక్కున్నారు. మోటారు వేశారు. నీళ్లు ధార కట్టి పడుతుంటే ఆమె పాత చీర బిగించి దిగింది. నేను పిల్ల బూటు విప్పి గట్టు మీద పెట్టాను. మావగారు పిల్లని ఎత్తి గోడ దాటించి వాళ్లమ్మకి అందించారు.

మొదట రెండు చేతులతోనూ గోడని కరుచుకుని, "చల్లగా ఉందే అమ్మా" అని వణికింది. నీళ్లు మెల్లగా లేచి నడుము దాటాయి, పక్కటెముకల దగ్గరికి వచ్చాయి. మావగారు మోటారు ఆపబోయారు.

"ఆపొద్దు తాతయ్యా. ఇంకొంచెం."

నీళ్లు అంచు మీదుగా పొర్లి జొన్న చేలోకి పోతున్నాయి. అది ఒక చెయ్యి గోడ మీద పెట్టి ఒక అడుగు వేసింది. సన్నపడ్డ కాలు నీళ్లలో తేలినట్టు ముందుకొచ్చి అడుగున ఆనింది. ఇంకో అడుగు. వాళ్లమ్మ ఎదురుగా చేతులు చాపి వెనక్కి జరుగుతోంది, నవ్వుతోంది, ఏడుస్తోంది. అవతలి గోడ దగ్గరికి వచ్చాక అది చెయ్యి తీసేసింది. ఏమీ పట్టుకోకుండా వెనక్కి తిరిగి మధ్యలోంచి నడవడం మొదలుపెట్టింది. మావగారు మోటారు సంగతి మర్చిపోయి కండువా చేత్తో పట్టుకుని నిలబడిపోయారు.

నాకు బొగ్గు ముక్క గుర్తొచ్చింది. నీళ్ల గీత గీయాలంటే పిల్ల కదలకుండా నిలబడాలి.

"ఒక్క నిమిషం ఆగమ్మా, గీసుకుంటా" అన్నాను.

"నేను ఆగను నాన్నా" అంది, నడుస్తూనే. "నువ్వే నాతో పాటు తిరుగుతూ గీసుకో."